చిన్నది చేసిన పెండ్లి

2013 జనవరిలో సోనీ కంపెనీ ప్లేస్టేషన్-2 (పీఎస్2) తయారీ ఆపేసింది. అప్పటికి ప్రపంచమంతా కలిపి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయిన వీడియో గేముల పెట్టె అది. నంద్యాలలో మా ఇంట్లో ఉన్నది సోనీ కంటే ముందే చేతులెత్తేసింది. డిస్కు చదివే లెన్సు పోయింది. ఆట పెడితే గరగరమనడమే తప్ప తెర మీదికి ఏమీ రాదు. అట్లాంటి వాటిని జనం పాత సామాన్లవాడికి వేసేస్తారు. నాకు మాత్రం దాని మీద అప్పుడే ప్రేమ ఎక్కువైంది.

కారణం ఒక మెమరీ కార్డు. ఆట ఎక్కడిదాకా ఆడామో దాచుకోవడానికి ఇచ్చే 8 ఎంబీ ముక్క. అందులో ఫ్రీ మెక్‌బూట్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి స్విచ్ వేస్తే యంత్రం సోనీ మాట మానేసి మన మాట వింటుంది. మూత విప్పే పని లేదు, చిప్పు పెట్టి టంకం వేసే పని లేదు. లెన్సు బాగున్న రోజుల్లోనే ఒక స్నేహితుడి మిషన్ పట్టుకొని నా కార్డు తయారు చేసుకున్నా. దాంట్లోనే యూజీన్ ప్లాట్నికోవ్ అనే ఆయన రాసిన సింపుల్ మీడియా సిస్టమ్ కూడా పెట్టుకుంటే పెన్‌డ్రైవులోని వీడియోలు నేరుగా టీవీలో ఆడతాయి. 294 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 32 ఎంబీ మెమరీ ఉన్న పెట్టె ఇది. ఇప్పుడు చేతికి కట్టుకునే స్మార్ట్ వాచీలు కూడా దీన్ని చూసి నవ్వుతాయి. అయినా సినిమా చూపించేది.

మా మేనమామది ఆళ్ళగడ్డ. శిల్పి. ఆ ఊళ్ళో ఉలి చప్పుడు వినపడని వీధి తక్కువ. ఎక్కడెక్కడి గుళ్ళకో దేవుళ్ళు అక్కడి నుంచే లారీ ఎక్కుతారు. మామ కొలతల మనిషి. నవతాళ విగ్రహమంటే ముఖానికి తొమ్మిదింతలు నిలువుండాలి, అంగుళం పెరగకూడదు, తగ్గకూడదు. మనుషులతోనూ అంతే. టీ అంగట్లో ఎవరన్నా ఆయన టీకి డబ్బులిస్తే, మరునాడు వాళ్ళ టీకి ఇచ్చేదాకా ఆయనకు నిద్ర పట్టదు. టీతోపాటు బిస్కెట్టు ఇప్పించిన పాపాన మాత్రం పోడు. వాళ్ళు ఇప్పించింది టీయే కదా!

2013 మే నెలలో ఆయన ఫోన్ చేసినాడు.

“అల్లుడా, మీ వదినె పెండ్లి సీడీలు పడటం లే. ప్లేయరు గూడా పోయింది. కొత్తది కొనాలంటే దుడ్లు దండగ. నీ దగ్గర ఏదో మిషనుందంట గదా?”

వదినె పెండ్లి అయి చాలా ఏండ్లయింది. అత్త 2011లో పోయింది. మామ ఆ వీడియో ఎందుకడుగుతున్నాడో నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మా అమ్మకు చెప్తే కొంగు నోట్లో కుక్కుకుంది. మా నాయన మాత్రం, “ఆ పెండ్లికి నేను ఐదువేల నూట పదహార్లు చదివించినా. అప్పట్లో అంటే మాటలా!” అన్నాడు. ఆ పెండ్లి ఊసెత్తితే చాలు, ఆయన నోటి వెంట వచ్చే మాట అదే. మా ఇంట్లో ఎవరూ చెవిన వేసుకోరు.

డిస్కులు నాలుగూ ఆర్టీసీ కండక్టరు చేతిలో వచ్చినాయి. ఇన్నేళ్ళు ప్లాస్టిక్ కవర్లో ఉక్కపోసి బూజు పట్టినాయి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి కంప్యూటర్లో పెడితే ఒకటి వెంటనే చదివింది, మిగతావి బతిమాలించుకున్నాయి. అసలు పని ఆ తర్వాతిది. డీవీడీలో ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవులో వేసి ఇస్తే పీఎస్2 నమలలేదు. దాని యూఎస్‌బీ 1.1 రకం. సెకనుకు 12 మెగాబిట్లనేది కాగితం మీది మాట, నిజంగా వచ్చేది అందులో సగం. పెండ్లి వీడియోవాళ్ళు వేసే ఎంపెగ్-2 ఆ సందులో దూరదు. బొమ్మ ఆగి ఆగి వస్తుంది, తలంబ్రాలు గాల్లోనే నిలబడిపోతాయి. అందుకని ఎక్స్‌విడ్‌లోకి మార్చి, ఒక్కో డిస్కును 700 ఎంబీకి దించాలి. పెన్‌డ్రైవు ఫ్యాట్32లో ఉండాలి. అవి కరెంటు కోతల రోజులు. రాత్రి కంప్యూటర్‌ను పనికి పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి అది ఆరిపోయి ఉండేది. మళ్ళీ మొదటి నుంచి.

అత్త కనిపించేది ఎక్కువగా రెండో డిస్కులో. దాన్ని రెండు విడతల్లో మార్చినా. మొదటి విడతలో కంప్యూటరు వీడియో అంతా చూసుకుంటుంది, రెండో విడతలో ఎక్కడ ఎంత వాడాలో అంత వాడుతుంది. ఆమె పట్టుచీర అంచు మీది జరీ కూడా చెదరకుండా వచ్చింది. నాలుగోది భోజనాలు, చదివింపులు. మైకులో పేర్లు తప్ప ఇంకేమీ లేవు. ఎవరు చూస్తారులే అని దాన్ని మాత్రం పిండి పిండి 300 ఎంబీ చేసి పడేసినా.

మిషను, దాని అడాప్టరు, మూడు రంగుల వైరు సంచిలో వేసుకొని బస్సెక్కినా. అయ్యలూరు మెట్ట, శిరివెళ్ళ మెట్ట దాటుతుంటే కిటికీలోంచి వచ్చే గాలికి సంచిలో ప్లాస్టిక్ కరుగుతుందేమోనని ఒళ్ళో పెట్టుకొని తువ్వాల కప్పినా. పక్కన కూర్చున్న పెద్దమనిషి పసిబిడ్డేమో అనుకొని జరిగి చోటిచ్చినాడు.

మామ ఇంటి వసారాలో పాత ట్రంకుపెట్టె బోర్లించి ఉంది. చెదలు తిన్న కాగితాలు ఎండకు పోసినారు. లోపల వదినె, ఆమె పిల్లలు, పక్కింటి ఆడవాళ్ళు చాపల మీద అప్పుడే సర్దుకున్నారు. టీవీ పాత పెట్టె రకం, ముందువైపు పసుపు, తెలుపు రంధ్రాలు రెండే. మూడో వైరు గాల్లో వేలాడదీసినా.

“హనుమంతుని ఆట ఉందా మామా దీంట్లో?” అని వదినె చిన్నకొడుకు అడిగినాడు. వాడడిగింది ఉత్త మాట కాదు. 2009లో హైదరాబాదు కంపెనీ అరోనా టెక్నాలజీస్ ఈ పీఎస్2 కోసమే హనుమంతుడి మీద ఒక ఆట చేసింది. పూర్తిగా మన దేశంలో తయారైన తొలి కన్సోల్ ఆట అని దానికి పేరు. లెన్సు పోయిన సంగతి వాడికెందుకని, రేపు చూద్దాంలే అన్నా.

మామ పెన్‌డ్రైవును వేళ్ళ మధ్య పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసినాడు.

“నాలుగు పళ్ళాలు ఇంత దాంట్లో ఎట్ల పట్టిచ్చినావు రా?”

“చిన్నది చేసినా మామా. కంటికి ఆననిది, చెవికి వినపడనిది అదే తీసేస్తుంది.”

“తీసేస్తే ఏమన్నా పోదా?”

“మనకు తెలిసేది ఏదీ పోదు.”

“గట్టిగా చెప్తాండావు గదా?”

“గట్టిగానే.”

ఏడు దాటినాక కరెంటొచ్చింది. రెండో డిస్కు పెట్టినా. ఆకుపచ్చ పట్టుచీరలో అత్త పసుపు గిన్నె పట్టుకొని అటు నుంచి ఇటు పోతూ కెమెరాను చూసి ఆగింది. చెమటకు కారిన బొట్టు చిటికెన వేలితో సరిచేసుకొని, పక్కకు తిరిగి, “యాడ పోయినావు? రా, వచ్చి పక్కన నిలబడు, మళ్ళీ మళ్ళీ తీస్తారా ఏంది!” అని కేకేసింది. గొంతు అచ్చం ఎదురుగా ఉన్నట్టే. వదినె భోరుమంది. పక్కింటామె ముక్కు చీదింది. నేను మామ వైపు చూడడానికి ధైర్యం చాలక కంట్రోలర్ వైపు చూసినా.

“ఇది కాదులే, ముందుకు నడుపు” అన్నాడు మామ.

చూడలేకపోతున్నాడు పాపం అనుకొని మూడో డిస్కు పెట్టినా.

“ఇదీ కాదు. చదివింపులు యాడుండాయో అవి పెట్టు.”

కండ్లద్దాలు తుడుచుకొని పెట్టుకున్నాడు. పెద్ద మనవడు నోటుబుక్కు, పెన్ను తీసుకొని తయారుగా కూర్చున్నాడు. అప్పుడు చెప్పినాడు. మరునాడు శిరివెళ్ళలో పెండ్లి ఉంది. వాళ్ళు అప్పట్లో ఎంత చదివించినారో లెక్క తేలడం లేదు. రాసి పెట్టుకున్న పుస్తకాన్ని కాస్తా చెదలు తినేసింది. ఎక్కువ పెడితే మనం నష్టం, తక్కువ పెడితే మాట నష్టం.

నాలుగో డిస్కులో మొహాలన్నీ గళ్ళు గళ్ళుగా వచ్చినాయి. ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. మైకు గొంతు మాత్రం గంట కొట్టినట్టుంది. శిరివెళ్ళవాళ్ళది ఐదు వందల పదహార్లని తేలింది. మనవడు రాసుకున్నాడు. చాగలమర్రివాళ్ళది స్టీలు బిందె. అదీ రాసుకున్నాడు. చాపల మీది ఆడవాళ్ళు ఏడుపు ఆపి, “అంతేనా! వాళ్ళు పెద్ద హారం పెట్టినట్టు చెప్పుకుంటిరే!” అని బుగ్గలు నొక్కుకోవడం మొదలుపెట్టినారు.

“ఇంక ఆపుదునా మామా?” అన్నా.

“ఉండు రా, తొందరేముంది. వచ్చే నెల నీ పెండ్లి గదా. మీ ఇంటిది గూడా రానీ. మీ నాయన పోయిన వారం గూడా ఫోన్లో చెప్పె, ఐదువేల నూట పదహార్లని. నాకు గుర్తు లే. ఆయన మాట కాదనేదానికి నేనెవరిని?”

ఆ పేరు రానే వచ్చింది. మైకు ఒకటికి రెండుసార్లు చదివింది.

“నంద్యాల వాస్తవ్యులు, పెండ్లికూతురి మేనత్త, మామగార్లు... నూట పదహారు రూపాయలు! నూట పదహారు రూపాయలు!”

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. వదినె లేచి, మంచినీళ్ళు తెస్తానని లోపలికి పోయింది. మనవడు పెన్ను ఎత్తి తాత మొహంలోకి చూసినాడు.

“వెనక్కి తిప్పి మళ్ళీ ఒకసారి వెయ్యి” అన్నాడు మామ.

వేసినా. ఎక్కడన్నా ఆగుతుందేమో, తడబడుతుందేమో అని ఆశగా చూసినా. సెకను కూడా తడబడలేదు.

మామ కండ్లద్దాలు తీసి, నా వైపు వంగి, ఆడవాళ్ళకు వినపడకుండా అడిగినాడు:

“అల్లుడా, చిన్నది చేసినా అంటివే... ఆ ఐదువేలు గాని దాంట్లో పోలేదు గదా?”