ఎవరైనా ఊళ్లో ఉన్నారా? పండగ సీజన్ గ్రూపు కబుర్లకు కరదీపిక

డిసెంబరు ఇరవై దాటిందంటే హైదరాబాద్ నల్లగండ్ల టవర్ వాట్సాప్ గ్రూపులకు కొత్త ప్రాణం వస్తుంది. లిఫ్టు ఆగింది, ట్యాంకరు రాలేదు, నా పార్కింగులో ఎవరిదో తెల్ల కారు అంటూ ఏడాదంతా మూలిగిన జనం ఒక్కసారిగా కబుర్లలో పడతారు. ఎదురుపడితే ఒకరినొకరు గుర్తుపట్టలేరు గానీ, పదకొండో అంతస్తాయన బావమరిదికి కందిపప్పు పడదన్న సంగతి అందరికీ తెలుసు. హుడా లేఅవుట్ వైపో, చెరువు పక్క టవర్లలోకో కొత్తగా దిగినవాళ్లు ఈ స్నేహాల్లో నెగ్గుకురావాలంటే కొన్ని పద్ధతులు తెలిసుండాలి.

అన్నిటికంటే ముఖ్యం, పైన ఏముందో చదవకండి. సంక్రాంతి పద్నాలుగా, పదిహేనా అని ఒకరు అడిగి, ముగ్గురు జవాబు చెప్పి, నలుగురు చేతులు జోడించే బొమ్మ పెట్టాక, పావుగంట ఆగి మీరూ అదే అడగండి. నిజానికి ఇందులో పెద్ద రహస్యం లేదు. సూర్యుడు మకరరాశిలోకి అడుగుపెట్టే ఘడియ ఏటా ఆరు గంటలు ఆలస్యమవుతూ, లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29 రాగానే మళ్లీ సర్దుకుంటుంది. అందుకే 2024లో పండగ జనవరి 15న వచ్చింది, 2025లో 14న. ఈ సంగతి మీకు తెలిసినా సరే గ్రూపులో పెట్టకండి. పెడితే చర్చ అక్కడితో చచ్చిపోతుంది. మీ పిన్నిగారి ఊరి పురోహితుడు ఏమన్నాడో చెప్పండి, రెండు రోజులు నడుస్తుంది.

క్రిస్మస్ వారంలో కేకు ఎక్కడ బాగుంటుందని అడగడం ఆచారం. ఎవరు ఏ బేకరీ పేరు చెప్పినా ‘ఇప్పుడు క్వాలిటీ పోయిందండీ’ అనాలి. ఇందుకు కేకు తినివుండాల్సిన అవసరం లేదు.

ఈ రోజుల్లోనే అమెరికా వాళ్లు దిగుతారు. వాళ్లకి ఇక్కడ రెండే పనులు: అమ్మానాన్నలను చూడటం, వీసా స్టాంపింగు. కాన్సులేటు 2023 మార్చిలో బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకు మారాక ఆ రెండో పని మన ఇంటి పక్కకే వచ్చింది. కాబట్టి ఎవరి తమ్ముడు, ఎవరి అల్లుడు, ఎప్పుడు తిరిగి వెళ్తున్నారో ఆరా తీసి ఉంచుకోండి. తర్వాత మొదలుపెట్టాల్సిన వాక్యం ఇది: ‘డల్లాస్ వైపు ఎవరైనా వెళ్తున్నారా అండీ? చిన్న కవరు.’ కవరులో ఏముందో మొదటి రోజు చెప్పకూడదు. వాళ్లు సరేనన్నాక మందులు అనండి. మందులకు సరేనన్నాక కొంచెం గోంగూర పచ్చడి అనండి. వాళ్ల పెట్టె హద్దు 23 కిలోలు. అందులో వాళ్లమ్మ ఇప్పటికే ఇరవై రెండున్నర సర్దేసింది. మిగిలిన అర కిలో సామాజిక ఆస్తి. ఒప్పుకోకపోతే ‘పర్లేదండీ’ అని రాయండి. తెలుగులో ఇంతకంటే కఠినమైన మాట లేదు.

డిసెంబరు 31 రాత్రి ఏ ఫ్లైఓవర్ మూశారో, పోలీసులు ఎక్కడ ఊదిస్తున్నారో అడగడానికి తప్ప గ్రూపుతో పనుండదు. పన్నెండు దాటాక వచ్చే శుభాకాంక్షలకు జవాబివ్వకండి. ఒకరికిస్తే మిగతావాళ్లు లెక్క పెట్టుకుంటారు.

ఇక అసలు ఘట్టం, ప్రయాణం. ఊరెళ్తుంటే స్టేషన్లో చెప్పి వెళ్లండి, ఆ సంగతి సోషల్ మీడియాలో మాత్రం పెట్టకండి అని పోలీసులు ఏటా మొత్తుకుంటారు. మీరు ఈ సలహాను ముందుగా గ్రూపులో ఫార్వర్డు చేయండి. దాని కిందే మీ ఫ్లాటు నంబరు, బయల్దేరే రోజు, తిరిగొచ్చే రోజు, ‘తాళం ఎదురింటి వాళ్ల దగ్గర ఉంది, కరివేపాకు కుండీకి నీళ్లు పోయగలరు’ అని వివరంగా రాయండి.

రైలు వాళ్లది వేరే శాఖ. గౌతమి ఎక్స్‌ప్రెస్ మన లింగంపల్లి నుంచే బయల్దేరుతుందన్నది ఇక్కడివాళ్లకు పెద్ద గర్వకారణం. టికెట్టు దొరకడం వేరే సంగతి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది గనక జనవరి 13 ప్రయాణానికి నవంబరు 14 పొద్దున ఎనిమిదింటికే కూర్చోవాలి. మీరు కూర్చోలేదు. ఆ విషయం జనవరి 9న గుర్తొచ్చాక ‘బ్రో, వెయిటింగ్ లిస్టు 87, కన్ఫర్మ్ అవుతుందా?’ అని అడగండి. ‘అవుతుంది’ అని ముగ్గురు చెబుతారు. ముగ్గురూ కారులో వెళ్తున్నవాళ్లే. చర్లపల్లి నుంచి స్పెషలు ఉందని ఎవరో లింకు పెడతారు. చర్లపల్లి నగరానికి ఆ కొసన ఉంది, మనం ఈ కొసన ఉన్నాం. అక్కడికి చేరడమే ఒక ప్రయాణం. అయినా థాంక్యూ అనాలి.

కారులో వెళ్లేవాళ్లు డ్రైవింగు భార్యకో బావమరిదికో అప్పగించి ప్రత్యక్ష వ్యాఖ్యానం అందుకోవాలి. అవుటర్ రింగురోడ్డు దిగేటప్పుడు ‘సాఫీగా ఉంది’. చౌటుప్పల్ దగ్గర ఎర్ర లైట్ల ఫొటో, కింద ‘పంతంగి టోల్‌గేటు’. నలభై నిమిషాల తర్వాత అదే ఫొటో, కింద ‘ఇంకా పంతంగి’. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరిలో తప్పనిసరి అయ్యాక ఈ గేట్ల దగ్గర ఆగక్కర్లేదన్నారు గానీ, ముందున్న కారు ఫాస్టాగులో డబ్బులు లేకపోవడమన్నది సంక్రాంతి సంప్రదాయాల్లో చేరిపోయింది. ఇంతలో ఇంట్లో సోఫాలో పడుకున్న ఒకాయన ‘సాగర్ రోడ్డు పట్టాల్సింది సార్’ అంటాడు. గుర్తుంచుకోండి, దారి గురించిన సలహా ఎప్పుడూ భూతకాలంలోనే ఇవ్వాలి. కొర్లపహాడ్ దాటాక అడిగితే చిల్లకల్లు దగ్గర జవాబివ్వండి.

భోగి తెల్లవారుజామున అసలు వింత మొదలవుతుంది. ఊరెళ్లినవాళ్లంతా నల్లగండ్ల గురించి మాట్లాడతారు, నల్లగండ్లలో మిగిలినవాళ్లంతా ఊరి గురించి మాట్లాడతారు. ఈ నియమాన్ని ఎవరూ తప్పకూడదు. మీరు భీమవరం దగ్గర మేనమామ ఇంట్లో ఉన్నారనుకోండి. చుట్టూ ముగ్గులు, గొబ్బెమ్మలు, వంటింట్లో పాకం పొంగు, చావిట్లో పందేల కబుర్లు. మీరు డాబా ఎక్కి, సిగ్నలు దొరికే మూల నిలబడి, ‘మన దగ్గర మంజీరా నీళ్లు వచ్చాయా?’ అని టైపు చేయాలి. ‘పాల ప్యాకెట్లు ఆపమని చెప్పడం మర్చిపోయాను, గుమ్మం ముందు ఎన్ని ఉన్నాయో ఎవరైనా చూస్తారా?’ అనాలి. కింద నుంచి అత్తయ్య భోజనానికి పిలుస్తుంటే, క్లబ్‌హౌసులో భోగిమంట ఎక్కడ వేశారో, టైల్సు నల్లబడ్డాయో లేదో కనుక్కోవాలి.

మీరు ఇక్కడే మిగిలిపోతే పని ఇంకా కష్టం. ఖాళీ రోడ్డు ఫొటో తీసి ‘గచ్చిబౌలికి పది నిమిషాలు!’ అని పెట్టాలి. గచ్చిబౌలిలో మీకు పనేమీ లేదు, ఆఫీసు సెలవు. అయినా ఆ పది నిమిషాల కోసమే వెళ్లి రావాలి. తర్వాత మీ ఊరి హరిదాసు ఎలా పాడేవాడో, కోడిపుంజుకు బాదంపప్పు ఎలా పెట్టేవారో, ఇప్పుడు ఊళ్లలో ఏమీ మిగల్లేదనీ రాయండి. అక్కడే ఉన్న మనిషి ‘అవునండీ, ఏమీ లేదు’ అని నోటినిండా అరిసెతో జవాబిస్తాడు.

అరిసెలంటే గుర్తొచ్చింది. ఫొటో పెట్టేముందు ఆలోచించండి. కరీంనగర్ వాళ్లు సకినాల ఫొటోతో వస్తారు. గోదావరి వాళ్లు పూతరేకులతో దిగుతారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చిందన్న వార్తను కూడా జత చేస్తారు. సకినాలను జంతికలనకండి. అన్నవాళ్లు గ్రూపులో లేరు. వదిలివెళ్తే అడ్మిన్లకు మాత్రమే నోటిఫికేషను వెళ్లే సౌకర్యం 2022లో వచ్చింది, దాన్ని ఇలాంటివాళ్ల కోసమే పెట్టారని నా అనుమానం.

శుభాకాంక్షల విషయానికొస్తే, మరీ ఎక్కువసార్లు తిరిగిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపేలా వాట్సాప్ 2020లో కట్టడి చేసింది. కరోనా పుకార్లను ఆపడానికి పెట్టిన ఆ అడ్డుగోడ గంగిరెద్దు ఫొటోను ఆపలేకపోయింది. స్క్రీన్‌షాట్ తీసి, అంచు కత్తిరించి, మీ కుటుంబం పేరు కింద అతికించి పంపండి.

ఊళ్లో నిజంగా ఎవరున్నారో తెలిసినవాడు ఒకడున్నాడు, గేటు దగ్గర సెక్యూరిటీ. అతనిది శ్రీకాకుళమో ఒడిశానో; పండగకి వెళ్లలేదు, అందరూ వెళ్లారు గనక. అతను ఈ గ్రూపులో లేడు. అతన్ని చేర్చాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే బైలాస్ చూపించండి.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ మాట గ్రూపులో పెట్టి, సాయంత్రానికే కారెక్కండి. మర్నాడు తొమ్మిదింటికి స్టాండప్ కాల్ ఉంది. పంతంగి ఫొటోలు మళ్లీ వస్తాయి, ఈసారి అటునుంచి ఇటు. సోఫా సారు ‘రేపు పొద్దున బయల్దేరాల్సింది’ అంటాడు.

తెచ్చిన అరిసెలు ఎవరి తలుపూ కొట్టి ఇవ్వకండి, కంగారుపడతారు. స్టీలు డబ్బాలో పెట్టి సెక్యూరిటీ దగ్గర ఉంచి, ‘ఏడో అంతస్తు వారికి’ అని గ్రూపులో రాయండి. వారం తర్వాత ఖాళీ డబ్బా ఫొటో పడుతుంది: ‘ఇది ఎవరిది?’ నాదేనని తొందరపడకండి. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు కాబట్టి అవతలివాళ్లు ఏం వేసి ఇవ్వాలో ఇంకా తేల్చుకోలేదు. మీరు ఒప్పుకుంటే వాళ్లకి మిక్చరు పొట్లం కొనక తప్పదు. ఆ ఫొటోను ఉగాది దాకా నడవనివ్వండి. మధ్యలో ఒకసారి మీరే అడగండి, ఇంతకీ అది ఎవరిదని తేలిందా అని.