కంచరపాలెం చతుస్సూత్రి: సటీకా తాత్పర్యం

మూలం

ఏటంటాం? పెద్దాయన తీసినాడు. సూసినాం. ఒచ్చీసినాం.

అవతారిక

1991లో ‘బ్రహ్మర్షి విశ్వామిత్ర’ చూసి వచ్చి మా మావయ్య ఉపదేశించిన సూత్రాలివి. ప్రవచన స్థలం కంచరపాలెం ఊర్వశి జంక్షన్‌లో టీ కొట్టు బల్ల. శ్రోతలు పోర్టులో డ్యూటీ దిగి వచ్చిన కలాసీలు, నేను. బాదరాయణుడి మొదటి నాలుగు సూత్రాలూ పట్టుబడితే బ్రహ్మసూత్రాలన్నీ చేతికొచ్చినట్టేనంటారు. ఈ నాలుగూ పట్టుబడితే తెలుగు అభిమాని గుండెలో ఏముందో తెలుస్తుంది.

ఇన్నాళ్ళకి వ్యాఖ్య రాయడానికి కారణం భక్తి కాదు, ఒళ్ళుమంట. ఈమధ్య ఏ సినిమా వేడుకలో చూసినా ఒకాయన మైకు పుచ్చుకుని, ఇది ప్రీక్వెల్ అండీ, చాప్టర్ వన్ అండీ, మా యూనివర్స్ అండీ అంటూ వేదం తనకే దర్శనమిచ్చినట్టు చెబుతున్నాడు. బాగులేదని ఎవరైనా అంటే, ఆ విజన్ మీకు అందలేదని దబాయింపు. ఈ దబాయింపు నాకు పాత చుట్టమే.

శాస్త్రం చదవడానికి అధికారి ఎవరో ముందు తేల్చాలి. మావయ్య అధికారం నిర్వివాదం. ‘భూకైలాస్’లో రావణుడు, ‘లవకుశ’లో రాముడు, ‘నర్తనశాల’లో బృహన్నల, ‘దానవీరశూరకర్ణ’లో మూడు వేషాలు, ‘శ్రీమద్విరాటపర్వం’లో అయిదు వేషాలు: ఈ పంచాగ్నుల మధ్య తపస్సు చేసినవాడు. వాళ్ళింట్లో దేవుడి గూట్లో ఉన్న కృష్ణుడి పటం ఎవరిదో చెప్పక్కర్లేదు.

సూత్రం 1: ఏటంటాం?

ప్రతిపదార్థం పరీక్షకెళ్ళే పిల్లలకి. మనకి అనవసరం. ప్రశ్నలా కనిపిస్తున్నా దీనికి జవాబు ఆశించలేదు. ఆశించకపోగా, చెప్పబోతే నోరు మూయించారు. “బాగులేదు మావయ్యా” అన్నాను. “అలగనకూడదురా. పెద్దోళ్ళు” అన్నాడు. పక్కనున్న కలాసీ ఇంకో మెట్టెక్కి, విశ్వవిఖ్యాత నటసార్వభౌముణ్ణి అనడానికి మనమెంతటివాళ్ళమని అడిగాడు. టికెట్టు కొన్నంతటివాళ్ళం. అంతకంటే ఎక్కువ అధికారం ఎవరికి కావాలి?

సూత్రం 2: పెద్దాయన తీసినాడు

నిజమే. నిర్మాత, దర్శకుడు, నాయకుడు, అంతా తానే. 1961లో ‘సీతారామ కల్యాణం’ తీసినప్పుడూ దర్శకుడు తానే. అయినా తెరమీద దర్శకుడి పేరే వెయ్యలేదు. ఆ సినిమాలో రాముణ్ణి మిథిలకి తీసుకెళ్ళిన విశ్వామిత్రుడు గుమ్మడి. ఆ ముని అంతకుముందు ఏం చేసొచ్చాడో ఆ సినిమా చెప్పలేదు, మాకూ అడగాలనిపించలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత పెద్దాయన జడలు కట్టి, గడ్డం పెట్టి, ఆ ముందు కథ చెప్పడానికి కూర్చున్నాడు.

ముందు కథ చెప్పడం తప్పని ఎవరన్నారు? బాలకాండ చూడండి. మిథిల చేరగానే జనకుడి పురోహితుడు శతానందుడు, తన తల్లి అహల్యకి శాపం తీరిందని విన్న సంతోషంలో, రాముడికి విశ్వామిత్రుడి పూర్వచరిత్ర అందుకుంటాడు. ఏభై ఒకటో సర్గ నుంచి అరవై అయిదు దాకా. శబల కోసం వసిష్ఠుడితో పోరు, త్రిశంకువు, శునశ్శేపుడు, మేనకతో పదేళ్ళు, రంభకి శాపం, చివరికి బ్రహ్మర్షిత్వం, అన్నీ ఆ పదిహేను సర్గల్లోనే. కథానాయకుడు ఆ సభలోనే ఉన్నాడు. తన గొప్ప తాను చెప్పుకోడు. కథ అవగానే జనకుడు, పొద్దు వాలుతోంది, సంధ్యకి వేళవుతోంది, రేపు పొద్దున్న దర్శనం చేసుకుంటానని సెలవు తీసుకుంటాడు. వాల్మీకి ఎడిటింగు చూడండి: మర్నాడు విల్లు, ఆపైన పెళ్ళి.

రావణుడి ముందు కథ ఇంకా విచిత్రం. చచ్చి, కాష్ఠమై, ఎదుటివాడికి పట్టాభిషేకం కూడా అయ్యాక, ఉత్తరకాండలో అగస్త్యుడొచ్చి వాడి పుట్టుపూర్వోత్తరాలు విప్పుతాడు. కుబేరుడి పుష్పకం ఎలా లాక్కున్నాడు, కైలాసం కింద చేతులెలా నలిగాయి, వేదవతి ఏమని శపించింది. తిక్కన మొదట పట్టుకున్నది ఈ ఉత్తరకథనే. ఒక్క వచనమూ లేకుండా పద్యాలతోనే నడిపించాడు. తర్వాత కంకంటి పాపరాజు మళ్ళీ రాశాడు. వాళ్ళకి రాముడి కంటే రావణుడి బాల్యం మీద ఎందుకంత మోజని పండితులు అడిగారో లేదో గానీ, మావయ్య అడిగేవాడు కాదు. ‘సీతారామ కల్యాణం’లో పెద్దాయన వేసింది రావణుడే కదా! రవికాంత్ నగాయిచ్ కెమెరాలో ఆ పది తలలూ చూసినవాడికి రావణుడి చిన్నప్పటి కథ ఎంత చెప్పినా తక్కువే.

మా ఊరి ఉదాహరణ ఒకటుంది. 2018లో వెంకటేష్ మహా ఇక్కడి జనాన్నే పెట్టి తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’. బడిపిల్లాడి కథ, కుర్రాడి కథ, మందుకొట్టు కుర్రాడి కథ, పెళ్ళికాని అటెండరు రాజు కథ. వేటికవేనని నమ్మించి, ఆ మూడూ రాజు ముందు కథలేనని ఆఖర్న విప్పుతాడు. ప్రీక్వెల్ సినిమా లోపలే ఉంది. చాప్టర్లకి విడగొట్టి మూడేళ్ళు తిప్పలేదు. శతానందుడి శిష్యుడు.

వ్యాఖ్య దారి తప్పింది. విశ్వామిత్రుడి దగ్గరికి రావాలి. వాల్మీకిలో లేని హరిశ్చంద్రుణ్ణి కూడా మార్కండేయ పురాణం నుంచి పట్టుకొచ్చి, బాలకృష్ణకి ఆ వేషమిచ్చి, దీనికి జతచేశారు. జనకుడిలా లేచి వేళయిందని చెప్పేవాడు ఆ స్టూడియోలో ఒక్కడూ లేడు. ఉన్నా, ఏటంటాడు?

సూత్రం 3: సూసినాం

ఏం చూశారో మావయ్య చెప్పలేదు. నేను చెబుతాను. మేనకగా మీనాక్షి శేషాద్రి, రవీంద్ర జైన్ పాటలు, ఆమె ఎదుట అరవై ఏడు దాటిన విశ్వామిత్రుడు. కుమారసంభవం ఎనిమిదో సర్గలో పార్వతీ పరమేశ్వరుల శృంగారం వర్ణించినందుకు మన ఆలంకారికులు కాళిదాసునే వదల్లేదు. సొంత తల్లిదండ్రుల శృంగారం వర్ణించినంత అనుచితమని మమ్మటుడు తేల్చేశాడు. ఆనందవర్ధనుడిది కాస్త మెత్తని మనసు. కవి శక్తి ఆ దోషాన్ని కనిపించకుండా కప్పేసిందన్నాడు. రాముడనీ కృష్ణుడనీ దండం పెట్టుకున్న ముఖం మేనక వెంట పడుతుంటే కంచరపాలెం అభిమాని ఏ పక్షం? మావయ్య మమ్మటుడి పక్షం. ఆ పాట నడిచినంతసేపూ వంగి, సీటు కింద చెప్పులు వెతుక్కున్నాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

వయసు మీద కాదు నా కోపం. కొండవీటి వెంకటకవి మాటలు పెద్దాయన నోట ఎలా పరుగెత్తాయో ‘దానవీరశూరకర్ణ’ చూసిన ఎవరినైనా అడగండి. నాలుగు గంటల సినిమా, దుర్యోధనుడు నోరు విప్పితే చాలు, హాల్లో బీడీ కాల్చేవాడు కూడా బీడీ మర్చిపోయేవాడు. ఇక్కడ అదే గొంతు ప్రతి మాట దగ్గరా ఆగింది, చప్పట్లకి చోటు వదులుతున్నట్టు. చైతన్య రథమెక్కి ఊరూరా తిరిగిన గొంతు మరి. మేనకతో ఏకాంతంలో మాట్లాడినా మైదానం చివర నిలబడ్డవాడికి వినపడాలన్నట్టే మాట్లాడింది. చప్పట్లు పడలేదు. మా వరసలో ఎవరో దగ్గారు. నాకు ఏడుపొచ్చింది, అది శాంతరసం వల్ల కాదు.

సూత్రం 4: ఒచ్చీసినాం

ఇక్కడ పాఠాంతరముంది. ‘ఇంటర్‌వెల్‌కే ఒచ్చీసినాం’ అని టీ కొట్టు ప్రతిలో కనిపిస్తుంది. కృష్ణ అభిమానులు చొప్పించిన ప్రక్షిప్తమని నా నిర్ణయం. ఆఖరి దాకా కూర్చున్నాం, పక్క సీటు సాక్షిని నేనే. మావయ్య సైకిలు తీస్తూ ఏమీ అనలేదు. టీ కొట్టు దగ్గర దిగాకే సూత్రాలు వెలువడ్డాయి.

మరుసటేడు, 1992లో, ‘సామ్రాట్ అశోక్’ వచ్చింది. మావయ్య మొదటాటకే వెళ్ళాడు. దాని మీద ఆయన సూత్రం ఒక్కటీ లభ్యం కాలేదు. అందుచేత వ్యాఖ్యా లేదు.