కాఫీకి ముందు, ఐరన్‌కీ ముందే

మద్రాసు పశ్చిమ మాంబళంలో కాపురముండి థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకి మొదటి శత్రువు పక్కింటి డికాక్షన్. మాత్ర పరగడుపున మంచినీళ్లతో మింగాలి. ఆ తర్వాత అరగంట, వీలైతే గంట, ఏమీ తినకూడదు. కాఫీ మరీ కూడదు, మందును ఒంటికి పట్టనివ్వదు. సరిగ్గా అప్పుడే పక్కింట్లో డబరా గ్లాసులు మోగుతాయి.

నా థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ దారికొచ్చిందని డాక్టరుగారు సంతోషించారు. ఓపికుంటే నేనూ సంతోషించేదాన్ని. దువ్వితే జుట్టంతా దువ్వెనకే, రెండు మెట్లెక్కితే ఆయాసం. మే నెలలో మద్రాసంతా ఉడికిపోతుంటే నేను ఫ్యాను తగ్గించమంటాను.

"కత్తిరి ఎండల్లో దుప్పటేందమ్మాయ్, చూసినోళ్లు మలేరియా అనుకుంటారు" అంటుంది మా నెల్లూరు అత్తయ్య.

తీరా చూస్తే ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ, అడుగంటింది. నీరసం, జుట్టు రాలడం, చలి... థైరాయిడ్ పెట్టే ఈ బాధలన్నీ ఇనుము తక్కువైనా వస్తాయి. పైగా థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే ఎంజైముకి ఆ ఇనుమే కావాలి. ఇంత చుట్టరికముండీ థైరాయిడ్ మాత్రా, ఐరన్ మాత్రా పొద్దున్నే ఎదురుపడకూడని తోటికోడళ్లు. ఒకేసారి మింగితే ఇనుము థైరాయిడ్ మాత్రలోని థైరాక్సిన్‌ని పట్టుకుని వదలదు. మధ్యలో 4 గంటల ఎడం ఉండాల్సిందే.

కనక ఐరన్ ముహూర్తం పదకొండింటికి, నిమ్మరసంతో. ఐరన్‌కీ కాఫీ, టీ, పాలు గిట్టవు. చుట్టాలు ఊడిపడేదీ పదకొండింటికే. మద్రాసులో ఎదుటివాళ్లతో కలిసి కాఫీ తాగకపోతే ఏదో మనసులో పెట్టుకున్నామనుకుంటారు. ఐరన్ మాత్ర పెట్టే మిగతా ఇబ్బందులంటారా, భోంచేస్తూ చదివేవాళ్లుంటారు, వదిలేద్దాం.

అత్తయ్య నమ్మకమంతా మునగాకు మీదే. ఆకుకూరల్లో ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదని చెబితే, నిమ్మకాయ పిండి మరీ వడ్డిస్తోంది. శాస్త్రం ఆమె పక్షానే ఉందని నేను చెప్పలేదు.

ఓదార్పు కోసం నేను పాతకాలం వైద్యం చదువుతుంటాను. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఎక్కించాడు. మరుసటేడు ఫాక్స్ అనే ఆయన సూది మానేసి, ఆ గ్రంథినే కాస్త వేయించి జెల్లీతో తినిపించాడు. 1914 క్రిస్మస్ నాడు అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ని విడదీశాడు గనక మనం బతికిపోయాం.

ఇదంతా అత్తయ్యకి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, మొహం చిట్లించింది.

"జెల్లీ ఏంది వాళ్ల మొహం! అల్లం, ధనియాలు లేకుండా గొర్రె ఎవురు తింటారు?"