వెయ్యికి అర కిలో

పులివెందుల దగ్గర తుమ్మలపల్లె రాయి శాస్త్రవేత్తలకు ముద్దుబిడ్డ.

జీవశాస్త్రం వాళ్లకు అందులో సుమారు 200 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవుల పొరలు దొరికాయి. డోలమైట్‌లో ఇంత యురేనియమా అని భూగర్భ శాస్త్రం వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆమ్లం పోస్తే ఆ రాయే తాగేస్తుందని రసాయన శాస్త్రం వాళ్లు సోడా బాట పట్టారు. ఇంజనీర్లు వేడిలో, ఒత్తిడిలో ఉడికించారు.

తలా ఓ పత్రం. జర్నళ్లు నిండాయి.

2011లో యురేనియం నిల్వ 49 వేల టన్నులని తేల్చి, మూడింతలైనా కావచ్చన్నారు. దేశం మురిసింది.

ఇక పంపకం. ముడిరాయిలో యురేనియం 0.05 శాతం కూడా ఉండదు. వెయ్యి కిలోలు తవ్వితే అర కిలో లోపే. ఆ కాస్తా పసుపుపచ్చ పొడిగా మారి హైదరాబాద్ బస్సెక్కినంత దర్జాగా వెళ్లిపోతుంది. మిగిలిన 999 కిలోల పైచిలుకు మాత్రం ఊరు వదలదు. బురదై కె.కె.కొట్టాల దగ్గర టెయిలింగ్ పాండ్‌లో కాపురం పెడుతుంది. వాన కోసం మొక్కుకునే సీమలో నిండుగా ఉన్న చెరువంటే అదే మరి!

బోరు నీళ్లు మారాయని, అరటితోటలు ఎండుతున్నాయని రైతులు మొత్తుకున్నారు. అధికారులొచ్చి సీసాల్లో నమూనాలు పట్టుకెళ్లారు. గని నడిపే యూసీఐఎల్ మాకేం సంబంధమంది.

రైతుల మాటతో చిక్కొకటే. దానికి పీర్ రివ్యూ లేదు. రివ్యూ చేయాల్సిన అరటిచెట్టేమో ముందే ఎండి కూర్చుంది.