కొంగకూ మనిషికీ తేడా

(మృగశిర కార్తె ముందురోజు. పాతబస్తీ, దూద్‌బౌలి సందు. యాదమ్మ కొర్రమీనుకు బూడిద పట్టించి కత్తిపీట మీద కోస్తోంది. ఎదురుగా శంకలయ్య, పక్కన రిటైరైన సైన్సు సారు.)

శంకలయ్య: ఆగక్కా, ఆగు! గా ముక్కల పసుపుపచ్చగ జొన్నగింజ లెక్క మెదుల్తున్నదేంది?

యాదమ్మ: పురుగు.

శంకలయ్య: గంత నిమ్మళంగ చెప్తవేంది? పొద్దుగాలనే వాట్సాప్‌ల వచ్చింది. చేపల పురుగు సీదా మెదడుకెక్కుతదట!

యాదమ్మ: నీకు ఫికర్ లేదు తియ్యన్నా. ఆడ జాగంత వాట్సాపే నింపింది.

సైన్సు సారు: దాని పేరు క్లైనోస్టోమం. పుట్టాక నత్తలో పెరుగుతుంది. నత్తలోంచి నీళ్లలోకి, నీళ్లలోంచి చేప కండలోకి దూరి, గూడు కట్టుకుని కాచుక్కూచుంటుంది.

శంకలయ్య: ఎవరికోసం?

సారు: కొంగ కోసం. కొంగ ఆ చేపను మింగితే, పురుగు దాని గొంతులో పెద్దదై గుడ్లు పెడుతుంది.

శంకలయ్య: అంటే ఈ చేప ఖరాబైనట్టేనా?

సారు: ఖరాబు కాదు, తాజా. ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులుంటే పురుగులు చస్తాయి. వండితే ముక్క లోపల 63 డిగ్రీల వేడి తగిలినా చాలు. మా అబ్బాయి డాలస్‌లో సుషీ తినిపించాడు. పచ్చిదే, కానీ అక్కడ పచ్చిగా పెట్టే చేపను చాలావరకు ముందు గడ్డకట్టిస్తారు.

శంకలయ్య: నిమ్మకాయ పిండి, ఉప్పు దట్టిస్తే?

సారు: దానికి ఊరగాయంటే భయం లేదు.

యాదమ్మ: పురుగు తీసి పారేస్త. చింతపులుసు పోసి మంచిగ మసలవెట్టుకో. అయిపాయె.

శంకలయ్య: వద్దంటె వద్దు! పురుగు చేప నా గడప తొక్కద్దు. నేను జల్ది నాంపల్లి పోవాలె. ఎగ్జిబిషన్ గ్రౌండ్‌ల ఇప్పట్నించే లైన్ కట్టకుంటే బత్తిని వారి చేప ప్రసాదం దొరకదు. ఆయాసం గదా నాకు.

యాదమ్మ: ఆడిచ్చేది గుడ కొర్రమీను పిల్లనే గదా! కోసి చూస్తరా?

శంకలయ్య: కోసుడేంది? దాని నోట్లె మందు పెట్టి, బతికున్నదాన్నే మన గొంతుల ఇడుస్తరు. తోక కొట్టుకుంట పోతాంటే కఫమంత సాఫ్!

యాదమ్మ: ఉడకవెట్టరా?

శంకలయ్య: ప్రసాదాన్ని ఎవడన్న ఉడకవెడ్తడా?

సారు: 1845 నుంచీ ఇస్తున్నామంటారు, పైసా పుచ్చుకోరు, అందులో ఏముందో చెప్పరు. ఒకప్పుడు ‘చేప మందు’ అనేవాళ్లు. హేతువాదులు నిలదీశాక ‘ప్రసాదం’ అయింది. మందునైతే ప్రశ్నలడుగుతారు, ప్రసాదాన్నైతే కళ్లకద్దుకుంటారు.

శంకలయ్య: గా పిల్లలల్ల పురుగున్నదని నువ్వు చూసినవా సారూ?

సారు: లేదు. నువ్వు చూశావా? జపాన్, కొరియాల్లో మంచినీటి చేపలు పచ్చివి తిన్న కొందరి గొంతుల్లో డాక్టర్లకు ఈ జాతి పురుగే దొరికింది.

శంకలయ్య (గొంతు తడుముకుంటూ): నేనేమన్న కొంగనా?

యాదమ్మ: పురుగుకేమెరుకన్నా? తెల్లంగి ఏసినవ్. లైన్ల మెడ సాపి నిలవడ్తవ్. బతికున్న చేపను గుటుక్కున మింగుతవ్. కొంగకు లేంది, నీకున్నది పొయ్యి ఒక్కటే. గదాన్ని ఇంట్ల ఇడిసి పోతున్నవ్.