ఇంగితానికి నిషేధం లేదు

పాల్వంచకు కూతవేటు దూరంలో, కొత్తగూడెంలో 2025లో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ వెలిసింది. సంతోషం! ఇక భూమాత మీద సదస్సులకు కొదవుండదు. భయమల్లా, అవి మనకు అలవాటైన తీరులోనే జరుగుతాయేమోనని!

ఆ తీరు తెలిసిందే. ‘ప్లాస్టిక్‌ను తరిమేద్దాం’ అంటూ గేటుకో ఫ్లెక్సీ. అతిథికి తళతళలాడే కవరు చుట్టిన పూలగుత్తి. ప్రతినిధికో సంచి, అందులో ఎవరూ చదవని కాగితాల కట్ట. బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో నడిచే ఏసీ హాల్లో భూతాపంపై ఉపన్యాసం. వక్త ముందు రెండు గుక్కలు తాగి వదిలేసిన నీళ్ల సీసా.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లు దేశమంతటా నిషేధం కదా అంటే, ‘సీసా ఆ జాబితాలో లేదండీ’ అని జవాబు. నిజమే, లేదు. ఇంగితాన్నీ నిషేధించలేదుగా!

అయ్యా, కిన్నెరసాని అడవి దాపునే ఉంది. మోదుగాకు విస్తర్లు, స్టీలు గ్లాసులు, కుండలో చల్లని నీళ్లు చాలవా? తిన్నాక విస్తరి ఎరువైనా అవుతుంది. తీర్మానాలు ఆ పాటి అక్కరకొస్తే అదే పదివేలు!