అలాట్‌మెంట్ చీటీ: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసుకు మెదకు సీమ నుంచి మల్లినాథసూరి దొరికాడు. ఈ చీటీకి నేను దొరికాను. ఎవరి ప్రాప్తం వారిది.

స్థలం ఇంగ్లండులోని లెస్టర్. కాలం జులై నెలాఖరు, పిల్లలకు బడి లేని రోజులు. కర్త్రి మా పక్క ప్లాటు ఇల్లాలు, గుంటూరు వైపు ఆవిడ. పుట్టింటికి వెళ్తూ తన గ్రీన్‌హౌస్ తలుపుకు ఈ చీటీ అంటించింది. రాసింది మా ఆవిడకు. మా ఆవిడ దాన్ని ఫొటో తీసి నాకు వాట్సాప్ చేసింది. నీళ్లు పోయాల్సింది ఎవరన్న సందేహం అక్కడితో తీరిపోయింది. ఛందస్సు వచనం. కాగితం చాలక ఆఖరి వాక్యం అంచు వెంబడి నిలువుగా దిగింది గనక, దానికి ఎత్తుగీతి హోదా ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

మూలం

“వదినా! గ్రీన్‌హౌస్ తలుపు పొద్దున్నే తీసి సాయంత్రం వేసెయ్యండి. టమాటాలకి రోజూ నీళ్లు, ఆదివారం మందు నీళ్లు. పిలకలు గిల్లెయ్యండి. సొరపువ్వు సంగతి మీకు తెలిసిందే. గోంగూర మీ ఇష్టం. కోర్జెట్లు ఎన్ని కావాలంటే అన్ని, ప్లీజ్.”

టీక

వదినా = రక్తసంబంధముచేత గాక కంచెసంబంధముచేత వదినయైనదానా; గ్రీన్‌హౌస్ = గాజుటింటియొక్క; తలుపు = కవాటమును; పొద్దున్నే = ఎండ యెక్కకమునుపే; తీసి = తెఱచి; సాయంత్రము = (ఇది వివాదాస్పదము, ముందు చూడుడు); వేసెయ్యండి = మూయుడు; పిలకలు = ఆకునకును కాండమునకును నడిమి సందున మొలచు కొమ్మలను; గిల్లెయ్యండి = గోళ్లతో త్రుంచుడు; మీ ఇష్టము = కోసికొనక యూరకుండిన నొచ్చుకొందును; కోర్జెట్లు = జుకినీ కాయలు; ఎన్ని కావాలంటే అన్ని = అన్నియు; ప్లీజ్ = రక్షింపుడు.

తాత్పర్యము: మేము ఊళ్లో లేము. తోట ఉన్నది.

వ్యాఖ్య

అసలు అలాట్‌మెంట్ అంటే ఏమిటో ముందు తేల్చాలి. కౌన్సిలు వారు కూరగాయలు పండించుకోవడానికి కౌలుకిచ్చే చెక్క అది. పూర్తి ప్లాటు 10 రాడ్లు అని పాత కొలత. ఒక చదరపు రాడ్డు 30.25 చదరపు గజాలు, కాబట్టి పది అయితే 302.5 గజాలు. మన వాళ్లకు ఇంతకంటే సులువైన లెక్క ఇంకోటి లేదు: మూడొందల గజాల ప్లాటు! కానీ తూర్పు ఫేసింగ్ అడగరాదు, ఇల్లు కట్టరాదు, రేటు పెరిగాక అమ్ముకోరాదు. ఏటా కౌలు కట్టుకోవాలి, కలుపు పెరిగితే నోటీసు అందుకోవాలి. గిరాకీ ఉన్నచోట ఇలాంటి చెక్కలు చూపించే బాధ్యత కౌన్సిళ్ల మీద పెట్టింది 1908 నాటి చట్టం. 1950 చట్టం ఇందులో కోళ్లు, కుందేళ్లు పెంచుకునే హక్కు కూడా ఇచ్చింది. అయితే అందులో ఉన్న మాట కోడిపెట్టలనే. పుంజుల ఊసు లేదు. గోదావరి జిల్లాల వారు గమనించగలరు.

ఇక మొదటి వాక్యం. చీటీ ప్రాణమంతా దీనిలోనే ఉంది. మిగతా వాక్యాల్లో తప్పు చేస్తే కాయ పోతుంది, ఇందులో తప్పు చేస్తే తోట పోతుంది.

పూర్వపక్షం: ఇంగ్లండు చలిదేశం. గాజుటిల్లు వేడి కోసం కట్టుకున్నది. వేడి కావాలనుకుంటూ తలుపు తీయడమేమిటి? పైగా గాజు వెలుగును లోపలికి రానిచ్చి, వేడి కిరణాలను బయటికి పోనివ్వదనీ, అందుకే లోపల వెచ్చగా ఉంటుందనీ బడిలో చదువుకున్నాం కదా, అలాంటప్పుడు తలుపు తీసినా మూసినా తేడా ఏముంటుంది?

సిద్ధాంతం: తేడా అంతా తలుపులోనే ఉంది. 1909లో ఆర్. డబ్ల్యూ. వుడ్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త నల్ల అట్ట పరిచిన రెండు పెట్టెలు తీసుకుని ఒకదానికి గాజు మూత, ఇంకోదానికి రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచాడు. రాతి ఉప్పు వేడి కిరణాలను ఆపదు, వచ్చినవి వచ్చినట్టు పోనిస్తుంది. బడి పాఠమే నిజమైతే గాజు పెట్టె బాగా కాగాలి, ఉప్పు పెట్టె చల్లగా ఉండాలి. రెండూ దాదాపు ఒకేలా కాగాయి. అంటే గాజుటింటిని వెచ్చగా ఉంచుతున్నది ముఖ్యంగా లోపలి గాలి బయటికి పోలేకపోవడమే. నేల కాగుతుంది, నేలను తాకిన గాలి కాగుతుంది, పైకి లేచి పోదామంటే దారి లేదు. దారి ఇచ్చేది తలుపు. కాబట్టి గ్రీన్‌హౌస్‌లో పొయ్యిని ఎక్కించడం, దించడం తలుపు గడియతోనే.

మా రచయిత్రిది ఆరడుగులు ఎనిమిదడుగుల గ్రీన్‌హౌస్, ఇక్కడ నూటికి ఎనభై పెరళ్లలో కనిపించే కొలత అన్నా అతిశయోక్తి అలంకారం కింద పోతుంది. బయట హాయిగా 24 డిగ్రీలున్న రోజున దాని తలుపు మూసి వదిలేస్తే మధ్యాహ్నానికి లోపల 40 దాటుతుంది. పాతిక, ఇరవై ఏడు దాటుతోందంటేనే గాలి ఆడించాలి. 35 దాటితే టమాటా పుప్పొడి చచ్చుబడి, పూత పూతగానే రాలుతుంది. చలిదేశంలో టమాటా వడదెబ్బకు పోయిందంటే గుంటూరులో ఎవరూ నమ్మరు.

ఇక్కడ ఒక ఆక్షేపణ. ఆ గ్రీన్‌హౌస్ కప్పుకు దానంతటదే తెరుచుకునే కిటికీ ఉంది. అదుండగా మళ్లీ తలుపు తీయమనడం పునరుక్తి దోషం కాదా? కాదు. ఆ కిటికీ కరెంటుతో నడిచేది కాదు. దాని కింద జానెడు గొట్టంలో మైనం ఉంటుంది. ఎండ తగిలి మైనం ఉబ్బితే కడ్డీని బయటికి తోస్తుంది, కిటికీ లేస్తుంది. చల్లబడి మైనం కుంచించుకుంటే స్ప్రింగు కడ్డీని వెనక్కి లాగుతుంది, కిటికీ వాలుతుంది. దగ్గర నిలబడి చూస్తే కదులుతున్నట్టే ఉండదు, కాసేపు చూపు తిప్పి మళ్లీ చూస్తే నాలుగు వేళ్ల సందు కనిపిస్తుంది. ఫలాపేక్ష లేకుండా కర్మ చేసే ప్రాణి ఆ తోట మొత్తానికి అదొక్కటే. కానీ మైనం మందకొడి. మబ్బు విడిపోయి ఒక్కసారి ఎండ కాసిందంటే, అది ఉబ్బి, తోసి, కిటికీ ఎత్తేలోపు లోపల లేత ఆకులు వాడిపోతాయి. రచయిత్రికి ఈ సంగతి తెలుసు కాబట్టే కిటికీ ఊసెత్తకుండా తలుపే చెప్పింది. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు.

సరే, పొద్దున్నే తీశాం. మరి “సాయంత్రం” అంటే ఎప్పుడు? జులైలో లెస్టర్‌లో రాత్రి తొమ్మిదయితే గానీ పొద్దు కుంకదు. ఆఫీసు నుంచి వచ్చే ఐదున్నరా, అన్నం తినే ఎనిమిదా, చీకటి పడే తొమ్మిదిన్నరా? ఎదురు ప్లాటు ఇంగ్లీషు పెద్దాయన ఒక పూర్వవ్యాఖ్యాత. జులైలో రాత్రిళ్లు కూడా మూయనక్కర్లేదనీ, మూస్తే తేమ నిలిచి బూజు పడుతుందనీ ఆయన మతం. ఒట్టి టమాటా ఉన్న ఇంటికి ఆ మతం చెల్లుతుంది. సొర, బీర ఉన్న ఇంటికి చెల్లదు. రాత్రి 11, 12 డిగ్రీలకు పడిపోయే గాలి వాటికి సరిపడదు, తీగ ఎదగడం మానేసి బిగుసుకు కూర్చుంటుంది. కాబట్టి మూయాలి. ఎప్పుడన్నది నాలుగో వాక్యం దగ్గర తేలుతుంది. అప్పటిదాకా పాఠకులు ఓపిక పట్టాలి.

“రోజూ నీళ్లు.” ఇందులో బరువంతా “రోజూ” మీద ఉంది. నాలుగు రోజులు ఎండబెట్టి, ఐదో రోజు బకెట్టు గుమ్మరించడం మనకు తెలిసిన పద్ధతే. టమాటా దానికి జవాబుగా కాయ అడుగున నల్లటి, తోలులాంటి మచ్చ వేస్తుంది. అది పురుగూ కాదు, తెగులూ కాదు. కాయకు కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం లేక కాదు, అది నీటితోపాటే పైకెక్కాలి, నీళ్లు తప్పితే బండి తప్పినట్టే. దీనికి గుడ్డు పెంకులు చల్లాలని మన వాట్సాప్ సంప్రదాయం. ఆ పెంకు మట్టిలో కరిగేసరికి ఈ సీజను అయిపోతుంది, బహుశా వచ్చేది కూడా. ఖండించాం.

నీళ్లు మొదట్లో పోయాలి, ఆకుల మీద కాదు. ఆకు తడిస్తే బ్లైట్ తెగులుకు పీట వేసినట్టు. 1845లో ఐర్లండు బంగాళాదుంపను కుళ్లబెట్టి కరవు తెచ్చింది ఈ తెగులే. టమాటా దానికి దాయాది గనక దీన్నీ వదలదు. వరసగా రెండు రోజులు వేడి 10 డిగ్రీలకు తగ్గకుండా, రోజుకు కనీసం 6 గంటలు గాలిలో తేమ 90 శాతమో ఆపైనో ఉంటే తెగులు పొంచి ఉన్నట్టేనని 2017 నుంచి బ్రిటన్‌లో వాడుతున్న హట్టన్ లెక్క. లెస్టర్ వానలు ఈ లెక్కకు చాలా తరచుగా పాసవుతాయి. గాజు కప్పు వానను ఆకు మీద పడనివ్వదు. ఇక్కడ గ్రీన్‌హౌస్ చేసే మేళ్లలో వేడి కంటే ఇదే పెద్దదని నా అభిప్రాయం.

మరి ఎండ ముదిరిన రోజున ఇంగ్లీషువాళ్లు గ్రీన్‌హౌస్ నడవ మీద నీళ్లు చల్లడం చూశాం కదా, అదేమిటి? అది కళ్లాపి. పేడా లేదు, ముగ్గూ లేదు, అంతే తేడా. నేల తడిగా ఉంటే గాలి చల్లబడుతుంది, పొడి వేడిలో పెచ్చుమీరే ఎర్రనల్లి కాస్త వెనక్కి తగ్గుతుంది.

“మందు నీళ్లు” దగ్గర జాగ్రత్త అవసరం. ఆదివారం మందు అనగానే తెలుగు పురుషులకు స్ఫురించే అర్థం ఇక్కడ గ్రాహ్యం కాదు. పురుగుమందూ కాదు. మొదటి గుత్తి పిందె పడ్డాక వారానికోసారి ఇచ్చే పొటాష్ నీళ్లు. కొట్లో సీసాలు దొరుకుతాయి. మా రచయిత్రి మాత్రం కాంఫ్రీ ఆకును బకెట్లో ఊరవేసి చేస్తుంది. లారెన్స్ హిల్స్ అనే ఆయన ఎసెక్స్‌లోని బాకింగ్ ఊళ్లో 1950లలో ఎంచి నిలబెట్టిన రకం, పేరు బాకింగ్ 14. గింజ కట్టదు కాబట్టి తోటంతా పాకిపోదు, లోతుకు వేరు దించి పొటాష్ లాగుతుంది. గుణాలన్నీ బాగున్నాయి, వాసన ఒక్కటే. ఆ బకెట్టు మూత తీసినప్పుడు కొట్టే కంపును వర్ణించడానికి బీభత్స రసం చాలదు. మరి సోమవారం ఆఫీసు పెట్టుకుని ఆదివారమే ఎందుకు, చేతి వాసన తెల్లారేసరికి పోదు కదా అంటే, శనివారం వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాలి. ఆఫీసు వాళ్లు సర్దుకుంటారు.

పిలకల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కర్ర కట్టి నిలువునా పాకించే మనీమేకర్, గార్డెనర్స్ డిలైట్ లాంటి రకాలకు గిల్లాలి, పొదలా పెరిగే రకాలకు గిల్లకూడదు, గిల్లితే కాయలే పోతాయి. చీటీ ఈ భేదం చెప్పలేదు. ఆమె పెట్టినవన్నీ కర్ర రకాలే గనక లోపం పట్టరాదు. పది పిలకలు గిల్లేసరికి వేళ్లకు పసుపుపచ్చ జిడ్డు అంటుకుంటుంది. సబ్బుతో కడిగితే నురగ పచ్చగా వస్తుంది, అయినా గోరు అంచున రెండు రోజులు ఉంటుంది.

“సొరపువ్వు సంగతి మీకు తెలిసిందే.” చీటీ మొత్తంలో ధ్వని ప్రధానమైన వాక్యం ఇదే. తెలిసిందేమిటో చెప్పలేదు. గౌరవమర్యాదలు గల ఇల్లాలు ఇంకో ఇల్లాలికి తలుపు మీద రాయదగిన సంగతి కాదు గనక సూచించి ఊరుకుంది. వ్యాఖ్యాతకు ఆ సౌకర్యం లేదు. సొరపువ్వు తెల్లగా, పొద్దువాలే వేళ విచ్చుతుంది. దాన్ని కలిపేది రాత్రి తిరిగే రెక్కల పురుగు. తలుపు వేసిన గాజుటింట్లోకి ఆ పురుగు రాలేదు. కాబట్టి మనిషే రావాలి. సన్నటి కాడ మీద నిటారుగా ఉన్నది మగపువ్వు. రెక్కల వెనక బొటనవేలంత నూగు పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వు తుంచి, రెక్కలు వొలిచి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాలి. ఇది తప్పితే ఆ పిందె నాలుగు రోజుల్లో పసుపు తిరిగి రాలుతుంది. ఇంత పని చేసేది పెళ్లిళ్ల పేరయ్య కూడా కాదు.

ఇప్పుడు “సాయంత్రం” చిక్కుముడి దానంతటదే విడిపోతుంది. పువ్వు విచ్చేది ఎనిమిది దాటాక. ఐదున్నరకు వెళ్లి తలుపు వేసి వచ్చినవాడు మళ్లీ వెళ్లాల్సిందే. మొదటి వాక్యంలోని సాయంత్రానికీ నాలుగో వాక్యంలోని పువ్వుకూ ఏకవాక్యత చెబితే ఒక్క నడకతో రెండు పనులూ అవుతాయి: అన్నం తిని వెళ్లు, పువ్వు అద్దు, తలుపు వెయ్యి, ఇంటికి రా. ఇంత పొందికను ఆమె అనుకుని రాసిందా, అలా పడిందా అన్నది వ్యాఖ్యాతలు అడగరాని ప్రశ్న.

గోంగూరకు ఈ దేశం ఒక విచిత్రమైన ఉపకారం చేస్తుంది. పగలు పొట్టిదైతేనే పూతకు వచ్చే మొక్క అది. ఇక్కడి వేసవి పగలు పదహారు గంటలు. పూత సంగతి మరిచిపోయి ఆకు వేస్తూనే ఉంటుంది. దానికి పగలు పొట్టిదవుతోందని తెలిసేసరికి చలి వచ్చి పని ముగిస్తుంది. “మీ ఇష్టం” అనడంలోని ఔదార్యానికి ఆధారం ఇదీ.

ఆఖరిది కోర్జెట్లు. మొలతాడు పొడవున్న చెక్కలో మూడు మొక్కలు పెట్టడం ఆమె చేసిన పొరపాటో, సాహసమో శాస్త్రం చెప్పదు. ఒక ఇంటికి ఒకటి చాలు. వేలెడున్నప్పుడు చూసి రేపు కోద్దామనుకుంటే ఎల్లుండికి జానెడు, వారానికి మోచేతి లావు. కోయకుండా వదిలేస్తే మొక్క కొత్త పిందె వేయడం తగ్గిస్తుంది, కోస్తే ఉత్సాహంగా ఇంకా వేస్తుంది. అంటే కోసినవాడికి ఎక్కువ వస్తాయి. అమ్ముదామా అంటే, ప్లాటు కౌలుదారూ అతని కుటుంబమూ తినడానికి ముఖ్యంగా పండించేదే ఈ తోట అని 1922 చట్టం నిర్వచనం. చట్టం “కుటుంబం” అన్నది గనక, కంచె సంబంధం చేత వదిన కూడా కుటుంబమేనని రచయిత్రి అన్వయం. చీటీ మొదటి మాట “వదినా” అని ఎందుకు పెట్టిందో ఇప్పటికి తెలిసింది. పప్పులో వేశాం, పచ్చడి చేశాం, మజ్జిగపులుసులో వేశాం, దోసెపిండిలో తురిమాం. వేపుడు చేయరాదు, నీళ్లు వదులుతుంది. అక్టోబరులో మంచు పడి మొక్క నల్లబడేదాకా ఈ కాండకు ముగింపు లేదు.

ఇది సార్ధద్వ్యధికత్రిశతగజక్షేత్ర కౌలుదారుడును, గుడ్డుపెంకు మత ఖండనుడును నగు పక్కప్లాటువాని వ్యాఖ్యయందు కోర్జెట్ కాండము, ఫ్రిజ్‌లో చోటు చాలమిచే, అసమాప్తము.